ఇద్దరి పేర్ల కాగితం

డిసెంబరు ముప్పై ఒకటిన పెళ్లి చేసుకుందామన్నది తాయ్మి. బడి వంటశాలలో తనతో పనిచేసే ఆడవాళ్లెవరో చెప్పారట, ఏడాది ఆఖరి రోజున పెళ్లాడినా సరే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది పొడుగునా పెళ్లయి ఉన్నట్టే రాసుకుంటారని.

“ఒక్క రోజు కాపురానికి పన్నెండు నెలల కాపురం రాసిస్తారట ఆర్వో. సర్కారు దగ్గర ఇంత పెద్ద మనసు ఎప్పుడైనా చూశావా?” అని నవ్వింది.

ఆర్వో తల ఊపాడు. ఆమె నవ్వితే తల ఊపడం అతనికి అప్పటికే అలవాటైపోయింది. ఆమె చెప్పినదాన్లో సగమే విన్నాడు. తక్కిన సగం కూడా విని ఉంటే అప్పుడే నోరు తెరిచేవాడేమో. తెరిచేవాడు కాదేమో కూడా.

ఆర్వో కంగస్‌కి అరవై ఆరేళ్లు. నలభై ఏళ్లుగా అడవిలో చెట్లు కొట్టి కాగితపు మిల్లుకి కర్ర తోలుతున్నాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించిన రోజున మాత్రమే కొడుతున్నాడు. అమెరికాలో మిషిగన్ ఉత్తరపు కొసన, సరస్సు ఒడ్డున, ఫిన్లండు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ ఫిన్నుల ఊళ్లలో మాట తక్కువ మనిషిని ఎవరూ అనుమానించరు. వాగేవాణ్ణే ఓ కంట కనిపెట్టి ఉంటారు. మనిషి మాట్లాడటం లేదంటే లోపల అంతా సవ్యంగా ఉందనే లెక్క. తాయ్మి కూడా ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషే. ఆమె కూడా ఆ లెక్కే వేసుకుంది.

కోర్టు గుమాస్తా ఇంటికి తొందరగా పోవాలని చూస్తున్నాడు. బయట మంచు దుమ్ములా ఎగురుతోంది. నేల తుడిచే మనిషిని పిలిచి సాక్షి సంతకం పెట్టించారు. ఐదు నిమిషాల్లో పెళ్లయిపోయింది. కారెక్కాక తాయ్మి చేతి తొడుగు తీసి ఉంగరం వంక చూసుకుని, “బంగాళాదుంపల తొక్క తీసేటప్పుడు అడ్డం వస్తుందేమో,” అంది. ఆమెకి అరవై ఒకటి. అదే మొదటి పెళ్లి.

జనవరిలో ఆమె ఇనుప సామాన్ల కొట్టు మీద ఉన్న తన అద్దె గది ఖాళీ చేసి ఆర్వో ఇంటికి వచ్చేసింది. రెండు పెట్టెలు, రొట్టె పిసికే చెక్క, ఒక అట్ట ఫైలు తెచ్చుకుంది. ఫైలు బరువుగా ఉంది. “ఇందులో ఏముంది, ఇటుకలా?” అన్నాడు ఆర్వో.

“నా పన్ను కాగితాలు. బళ్లో చేరిన ఏడు నుంచీ. ఏ ఏడుది ఆ కవరులో,” అంది గర్వంగా.

ఆర్వో ఆ ఫైలు బల్ల మీద పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు.

అతని లోపలి గదిలో హెల్మీ కుట్టుమిషను ఉంది. దాని సొరుగుల్లో కూడా పన్ను కాగితాలే ఉన్నాయి. ఒక్క కవరూ విప్పలేదు. హెల్మీ అతని మొదటి భార్య. ఆమె ఉన్నన్నాళ్లూ లెక్కలూ కాగితాలూ ఆమే చూసుకునేది. అతను ఆమె చూపించిన చోట సంతకం పెట్టేవాడు. ఆమె పోయాక ఆర్వో ఒక్క ఏడు కూడా పన్ను కాగితం వెయ్యలేదు. ఏడేళ్లు. మొదట్లో మిల్లుకి బాగానే కర్ర తోలాడు, బాగానే డబ్బు వచ్చింది. దాని మీద కట్టాల్సింది కట్టలేదు. సర్కారు ఉత్తరాలు రాస్తూనే ఉంది. అతను సొరుగులో వేస్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తాయ్మి వంటింటి బల్ల తుడిచి ఫారాలు పరిచింది. ముందు పెన్సిలుతో రాస్తుంది, ఆ తర్వాత సిరాతో దిద్దుతుంది. అది ఆమె పద్ధతి. పక్కన కాఫీ, ఏలకుల రొట్టె. రొట్టె ఎడమ పక్కనే నములుతోంది. కుడి పక్క కింది పళ్లు రెండేళ్ల నుంచి బాధ పెడుతున్నాయి. జీతంలోంచి ప్రతి నెలా కావాలనే కాస్త ఎక్కువ పన్ను పట్టుకోమని చెప్తుంది. వసంతంలో అదంతా ఒక్కసారి వెనక్కి వస్తుంది. ఈసారి వచ్చే డబ్బుతో పళ్లు కట్టించుకోవడానికి మే నెలలో డాక్టరు దగ్గర రోజు కూడా తీసుకుంది.

“పోయినేటి కాగితం నకలు ఎక్కడ పెట్టావు?” అని అడిగింది తల ఎత్తకుండా.

“ఏ కాగితం?”

“పన్ను కాగితమయ్యా. అందులోంచి ఒక అంకె కావాలి.”

ఆర్వో కప్పు పెదాల దగ్గరే ఉంచుకున్నాడు. “అవన్నీ హెల్మీ చూసుకునేది.”

తాయ్మి పెన్సిలు ఆపింది. “పోయినేడు కూడా హెల్మీయే చూసుకుందా?”

హెల్మీ పోయి ఏడున్నరేళ్లు. ఆర్వో కప్పు బల్ల మీద పెట్టాడు. “ఎక్కడో ఉంటుంది. వెతుకుతాలే.”

“ఆ అంకె లేకపోయినా పని జరుగుతుందిలే. నీ తీరిక చూసుకుని వెతుకు,” అని ఆమె సూచనల పుస్తకం తిరగేసింది. వంట పుస్తకం చదివినట్టు పైకి చదవడం ఆమెకి అలవాటు. “భార్యాభర్తల్లో ఎవరికైనా సరే పాత బాకీ ఉన్న పక్షంలో, తిరిగి రావలసిన సొమ్ము ముందు ఆ బాకీకి జమ అవుతుంది. సరే, మనకేం బాకీ లేదు.”

పేజీ తిప్పేసింది. బాకీ ఉందా అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది. ఆమె చెప్పేసింది, అతను వినేశాడు. ఆర్వో లేచి టోపీ పెట్టుకుని కట్టెల కొట్టంలోకి పోయాడు. చీల్చిన కట్టెలు కప్పు దాకా ఉన్నాయి. చీల్చినవాటినే మళ్లీ చీల్చడం మొదలుపెట్టాడు.

చెప్తే ఈమె వెళ్లిపోతుంది. ఫైలూ రొట్టె చెక్కా పట్టుకుని, తలుపు నెమ్మదిగా వేసి మరీ వెళ్లిపోతుంది. చెప్పకపోతే ఆమె పళ్ల డబ్బు తన బాకీలో మునిగిపోతుంది. నలభై ఏళ్లు ఒక్క అంకె తప్పు రాయని మనిషి పేరు తన పేరు పక్కన చేరి బురదపాలవుతుంది. ఎటు తిరిగినా గోడే. ఆ గోడ కట్టుకున్నది తనే, ఏడాదికో వరస చొప్పున. కట్టెలు అగ్గిపుల్లల్లా అయ్యేదాకా చీల్చి ఇంట్లోకి వచ్చాడు.

శనివారం సౌనా కాచారు. ఆ ఆవిరి గదిలో పై బల్ల మీద పక్కపక్కన కూర్చుంటే మనుషులు ఎదురెదురుగా చెప్పలేనివి కూడా చెప్పుకుంటారు. మొహాలు కనిపించవు. అక్కడ విన్నమాట బయటికి తేకూడదన్నది ఆ ఊరి మర్యాద. ఆర్వో చెప్దామనే పొయ్యి రాజేశాడు. రాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆవిరి లేచింది. గొంతు సవరించుకున్నాడు.

“ఒక మాట చెప్తే నవ్వవుగా?” అంది తాయ్మి ముందుగా.

“ఊఁ.”

“నలభై ఏళ్లు ‘ఒంటరి’ అన్న గడిలో టిక్కు పెట్టాను. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఉప్పు వేసినట్టు పెట్టేసేదాన్ని. మొన్న దాని పక్క గడిలో పెట్టాను, ‘పెళ్లయింది, ఉమ్మడిగా’ అన్నదాన్లో. పెట్టాక కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పైన ఇద్దరి పేర్లూ ఒక వరసలో. ముసలిదానికి మతి పోయిందనుకోకు.”

ఆర్వో ఏమీ అనుకోలేదు. మరో చెంబుడు నీళ్లు పోశాడు. ఆవిరి ఎక్కువైంది.

“చాలయ్యా, ఉడికించి తింటావా ఏంటి!” అని ఆమె కింది బల్ల మీదికి దిగింది. అతను పై బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. చెప్పాలనుకున్న మాట చెమటతో పాటు కారిపోయింది.

మార్చిలో రెండో శనివారం ఊరి హాల్లో ఉచితంగా పన్ను కాగితాలు సరిచూసి పెడతారు. సరిచూసేది వెస్లీ ట్రెంబాత్. గనుల కంపెనీలో జీతాల గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, గనుల పనికి ఇంగ్లండు నుంచి వచ్చిన కార్నిష్ వాళ్ల సంతతి. ఫిన్నులు నెల మొత్తం మీద మాట్లాడేది ఆయన ఒక పూటలో మాట్లాడేస్తాడు. తాయ్మి ప్రతి ఏడూ ఆయనకి చూపించాకే కాగితం పోస్టు చేస్తుంది.

ఆ ఉదయం ఆర్వో మూడు సార్లు నోరు తెరిచాడు. బూట్లు తొడుక్కునేటప్పుడు ఒకసారి. కారు అద్దం మీద మంచు గీకేటప్పుడు ఒకసారి. దారిలో మంచు తోసే బండి ఎదురొచ్చి ఆగాల్సి వచ్చినప్పుడు ఒకసారి. మూడోసారి తాయ్మి చూసింది. “ఆవలింతలు తీస్తున్నావు. రాత్రి నిద్రపోలేదా?” అంది.

“పోయాను.”

హాల్లో పదిమంది దాకా వరసలో కూర్చున్నారు. బూట్ల కింద మంచు కరిగి నేలంతా మడుగులు కట్టింది. వీళ్ల వంతు వచ్చేసరికి ట్రెంబాత్ రెండు చేతులూ చాచాడు.

“రావమ్మా పెళ్లికూతురా, రా! ఏవోయ్ ఆర్వో, నీ మొహంలో పెళ్లికళ చూద్దామనుకుంటే పంటినొప్పి కళ కనిపిస్తోందేంటి?”

“పంటినొప్పి నాది వెస్లీ గారూ,” అంది తాయ్మి.

“అబ్బో! అప్పుడే నొప్పులు కూడా ఉమ్మడి చేసేశారన్నమాట.”

వెనక వరసలో వాళ్లు నవ్వారు. ఆర్వో కుర్చీ అంచున కూర్చున్నాడు. ట్రెంబాత్ కళ్లజోడు నుదుటి మీదినుంచి కిందికి లాక్కుని వేలు పెట్టి వరసలన్నీ చదివాడు. మిల్లు వాళ్లిచ్చిన చీటీ చూశాడు. రంపం ఖర్చు, లారీ ఖర్చు తీసేస్తే ఆ ఏడు ఆర్వోకి మిగిలింది పెద్దగా ఏమీ లేదు.

“ఈ ఊళ్లో అందరూ ఈవిడలా రాస్తే నేను ఇంట్లో పడుకునేవాణ్ణి. పదకొండు వందల నలభై డాలర్లు వెనక్కొస్తాయి. పెళ్లి చేసుకున్నందుకే నాలుగొందలు పైన కలిసొచ్చింది చూశావా? ఏవోయ్ ఆర్వో, ఏడాది మధ్యలో నువ్వు వాయిదాల్లో ఏమన్నా కట్టావా?”

“లేదు.”

“పోయినేడు?”

“లేదు.”

“లేదంటే కట్టక్కర్లేకపోయిందా, కట్టలేదా?”

ఆర్వో బల్ల అంచు చూస్తున్నాడు.

“ఫిన్ను నోట్లోంచి రెండో మాట రావాలంటే పట్టకారు తేవాలి,” అన్నాడు ట్రెంబాత్ వెనక వాళ్లతో. వాళ్లు మళ్లీ నవ్వారు. “సరే, పోనీ. ఇక సంతకాలు. సంతకం పెట్టాక ఇది చర్చిలో ప్రమాణం లాంటిదే. ఇందులో ఉన్నదంతా నిజమని ఇద్దరూ ఒట్టేసినట్టు. ఈ కాగితం మీద ఒకరు చేసిన తప్పుకి ఇంకొకరు కూడా పూచీ. వెనక్కొచ్చే డబ్బు ఇద్దరిదీ. అమ్మా, ముందు నువ్వు పెట్టు. ఇతను ఆలోచించుకునేసరికి వేసవి వచ్చేస్తుంది.”

తాయ్మి తన సంచిలోంచి పెన్ను తీసింది. బడి వాళ్లు ఇరవై ఏళ్ల సర్వీసుకి ఇచ్చిన పెన్ను. మూత తీసి, కాగితం తన వైపు తిప్పుకుంది. పేరులో మొదటి అక్షరం రాయబోయింది.

ఆర్వో చెయ్యి వచ్చి ఆ గీత మీద పడింది. పెద్ద చెయ్యి. గీతంతా మూసుకుపోయింది.

“ఏంటిది?” అంది తాయ్మి.

“వద్దు.”

“ఏం వద్దు?”

“సంతకం.”

ట్రెంబాత్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “పెళ్లానికి విడాకులిచ్చేటట్టున్నావే!”

“నేను వెయ్యలేదు,” అన్నాడు ఆర్వో.

“ఏం వెయ్యలేదు?”

“కాగితాలు. ఏడు.”

“ఏడు కాగితాలా?”

“ఏడేళ్లు.”

ట్రెంబాత్ కళ్లజోడు తీసేశాడు. వెనక వరసలో ఎవరో బూటు కదిపితే మడుగులో నీళ్లు చప్పుడు చేశాయి. మధ్యాహ్నానికల్లా ఈ సంగతి ఊరంతా తెలుస్తుంది. ఆర్వోకి దాని గురించి బెంగ లేదు. పక్క కుర్చీ వైపు చూసే ధైర్యమే లేదు.

పెన్ను మూత పెట్టిన చప్పుడు వినపడింది.

“వెస్లీ గారూ,” అంది తాయ్మి. గొంతు మామూలుగానే ఉంది. వంటశాలలో పాలు విరిగిపోయాయని చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు అలాగే ఉంటుంది. “నేను ఒంటరి అని రాసుకోవచ్చా?”

“కుదరదమ్మా. ఆ ఏడు ఆఖరి రోజుకి నీకు పెళ్లయిపోయింది.”

“ఒక్క రోజే కదా.”

“ఒక్క రోజు చాలు.”

“అయితే ఏం చెయ్యాలి?”

ట్రెంబాత్ గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించగలడని అక్కడెవరికీ తెలియదు. “పెళ్లయింది, విడిగా వేస్తున్నాం అని ఒక గడి ఉంది. దాన్లో టిక్కు పెట్టుకో. తిరిగొచ్చేది తగ్గుతుంది. ఏడొందలు రావచ్చు. కానీ వచ్చింది నీదే, ఇతని బాకీ దాన్ని తాకదు. ఉమ్మడిగానే వేసి, నా వాటా నాకివ్వండని ఇంకో కాగితం కూడా పెట్టొచ్చు. కానీ ఈ మనిషి లెక్కల్లో ఇంకా ఏముందో తెలియకుండా ఇతని పక్కన సంతకం పెట్టమని నేను చెప్పలేను తల్లీ.”

“నేను పెట్టను,” అంది తాయ్మి. కాగితాలన్నీ అంచులు కలిపి సర్దుకుంది. సర్ది, ఫైల్లో పెట్టుకుని, ట్రెంబాత్‌కి థాంక్స్ చెప్పి లేచింది.

కారులో సగం దారి దాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. రెండు పక్కలా మంచు గోడలు తప్ప చూడటానికేం లేదు.

“డిసెంబరు ముప్పయ్యో తారీకున చెప్పాల్సింది,” అంది చివరికి.

“ముప్పయ్యో తారీకున చెప్తే నువ్వు…”

“అవును, చేసుకునేదాన్ని కాదు. ఆ రోజున చేసుకునేదాన్ని కాదు. జనవరిలో చేసుకునేదాన్నేమో. ఏప్రిల్లో చేసుకునేదాన్నేమో. అసలు వద్దనుకునేదాన్నేమో. అది తేల్చుకోవాల్సింది నేను. నా బదులు నువ్వు తేల్చేశావు, నోరు మూసుకుని.”

ఆర్వో మలుపు దగ్గర కారు నెమ్మది చేశాడు.

“నువ్వు అబద్ధం చెప్పి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు. మనిషి అబద్ధం ఆడుతుంటే కాస్తయినా కనిపిస్తుంది. నువ్వు ఊరుకున్నావు. నేను దాన్ని మంచితనం అనుకున్నాను. ఈ ఊళ్లో అందరం అలాగే అనుకుంటాం. తప్పు నాది కూడా.”

“నీది కాదు.”

“ఇప్పుడు మాట్లాడతావేం!”

ఇంటికి వచ్చాక ఆమె కోటు విప్పలేదు. నిలబడే ఫోను తీసి ఇనుప సామాన్ల కొట్టుకి చేసింది. ఆర్వో తలుపు దగ్గర ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా నిలబడ్డాడు. అవతలి వాళ్ల మాట వినపడలేదు. తాయ్మి “అలాగా,” అంది. “ఎప్పుడు?” అంది. “వాళ్లు చాలా కాలం ఉంటారా?” అంది. తర్వాత ఫోను పెట్టేసింది.

“గది ఇచ్చేశారట. మంచు మీద జారే ఆటలాడే కొండ దగ్గర పనికొచ్చిన జంట ఎవరో ఉంటున్నారు.” కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. “ఖాళీగా ఉంటే వెళ్లిపోయేదాన్ని. నీ కోసం ఆగాననుకోకు.”

“అనుకోను.”

“అనుకోకు.”

కోటు కొక్కేనికి తగిలించి బల్ల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం కావస్తోంది. ఎవరూ అన్నం మాటెత్తలేదు.

“అవెక్కడున్నాయి?”

ఆర్వో లోపలికి వెళ్లి కుట్టుమిషను సొరుగులు నాలుగూ ఊడదీసుకొచ్చి సొరుగులతో సహా బల్ల మీద పెట్టాడు. కవర్లు బిగిసిపోయి ఉన్నాయి. తాయ్మి వాటిని తాకలేదు. అతని మొహం వంక చూసింది.

“ఎందుకు? డబ్బు లేకనా?”

“ఉంది అప్పుడు.”

“రాయడం రాకనా? నన్నడిగితే, ట్రెంబాత్‌ని అడిగితే…”

“కాదు.”

“మరి?”

ఆర్వో కూర్చున్నాడు. ఇలాంటి చోట అతను ఎప్పుడూ లేచి కట్టెల దగ్గరికి పోయేవాడు. ఈసారి లేవలేదు. అడుగు సొరుగులోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ప్రతి జనవరిలోనూ సర్కారు ఫారాలతో కలిపి పోస్టులో పంపే పుస్తకం. దాని అట్ట మీద ముందే అచ్చు వేసిన పేర్ల చీటీ ఉంటుంది, ఊడబెరికి ఫారం మీద అతికించుకోవడానికి. చీటీ మీద రెండు పేర్లున్నాయి. ఆర్వో కంగస్, హెల్మీ కంగస్.

“ఆమె పోయిన ఏడు చలికాలంలో వచ్చింది. మనిషి లేదు. పేరుంది. విప్పలేకపోయాను.” పుస్తకం బల్ల మీద పెట్టాడు. “తర్వాతి ఏడు ఇంకోటి వచ్చింది. మొదటిది విప్పకుండా రెండోది ఎలా విప్పను? మూడోది వచ్చింది. ఉత్తరాలొచ్చాయి. మొదటిది విప్పితే గాని ఏదీ విప్పలేను. మొదటిది విప్పలేదు. అంతే.”

అన్ని మాటలు అతను ఒక్కసారి మాట్లాడగా తాయ్మి ఎప్పుడూ వినలేదు. ఆమె ఆ చీటీ చూసింది. తర్వాత లేచి, ఉదయం మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీ రెండు ముక్కలు కోసి, అతని ముందు ఒకటి, తన ముందు ఒకటి పెట్టుకుంది.

“అది కారణమే,” అంది. “కానీ ఏడేళ్లకి సరిపడా కారణం కాదు.”

ఆ రాత్రి ఆమె లోపలి గదిలో కుట్టుమిషను పక్కన పక్క వేసుకుంది.

ఆదివారం ఉదయం ఆర్వో నిద్ర లేచేసరికి వంటింట్లో కాఫీ వాసన వస్తోంది. తాయ్మి అప్పటికే తన కాగితం కొత్త ఫారం మీద తిరగరాసేసింది. పెన్సిలు లేకుండా నేరుగా సిరాతోనే. ‘విడిగా’ అన్న గడిలో టిక్కు ఉంది. ఆ గడి పక్కన భర్త పేరు రాయడానికి చిన్న ఖాళీ ఉంటుంది. అందులో అతని పేరు ఇరుకు అక్షరాల్లో రాసింది. అతను చూస్తుండగానే మడిచి, కవర్లో పెట్టి, నాలుకతో తడిపి అంటించింది.

“ఇది నాది. అయిపోయింది. కూర్చో.”

కూర్చున్నాడు. ఆమె ఆ పాత పుస్తకం ముందుకి లాక్కుంది. రొట్టె కోసే కత్తితో దాని అంచు మీది కాగితపు పట్టీ తెంపింది. ఏడేళ్లుగా తెగనిది ఒక్క పోటుకి తెగింది. ఆర్వో ఆ కత్తి వైపు చూశాడు. ఏమీ జరగలేదు.

ఆమె సూచనలు పైకి చదవలేదు. లోపలే చదువుకుంది. మిల్లు వాళ్లు ఏటేటా పంపిన చీటీలు కూడా ఆ సొరుగుల్లోనే దొరికాయి. ఆ మొదటి ఏడు తొలి సగం లెక్కలు హెల్మీ చేతిరాతలో ఒక చిన్న నోటుబుక్కులో ఉన్నాయి. ఆగస్టు దగ్గర ఆగిపోయాయి. తాయ్మి రెండు గంటలు కూర్చుని వరసలు నింపింది. మధ్యలో ఆమె అడిగినవి మూడు నాలుగు ప్రశ్నలే. ఆ ఏడు రంపం కొత్తది కొన్నావా? లారీ ఎవరిది? అతను చెప్పాడు. ఆమె రాసుకుంది.

“ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలుసా?” అంది తర్వాత.

“ఒంటరి.”

“కాదు. ఆ ఏడు కొన్నాళ్లు ఆవిడ ఉంది కాబట్టి, ఆ ఏడంతా నీకు పెళ్లయి ఉన్నట్టే. ఉమ్మడిగానే వెయ్యాలి. అలా వేస్తేనే నీకు బాకీ తగ్గుతుంది.” పెన్ను ఒక క్షణం గాల్లో ఆగింది. “పెళ్లయింది, ఉమ్మడిగా,” అని చదివి అక్కడ టిక్కు పెట్టింది. తన ఫారం మీద పెట్టాలనుకున్న గడిలో, వేరే ఆడమనిషి పేరు మీద.

అట్ట మీది చీటీ జాగ్రత్తగా ఊడదీసింది. జిగురు ఎండిపోయింది. కాస్త పిండి నీళ్లలో కలిపి పూసి, ఫారం మీద ఆ రెండు పేర్లూ ఒంకర లేకుండా అతికించి గుడ్డతో అద్దింది.

“ఇక్కడ ఆవిడ పేరు పైన, చనిపోయింది అని రాసి తేదీ వెయ్యాలట. తేదీ చెప్పు.”

ఆర్వో కుర్చీ వెనక్కి జరిపాడు. “పొయ్యిలోకి కట్టెలు…”

“కట్టెలు కావాల్సినన్ని ఉన్నాయి. కూర్చో. తేదీ.”

ఇల్లు ఇరుగ్గా అనిపించింది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. తలుపు అవతల మంచు, మంచు అవతల అడవి, ఎటైనా పోవచ్చు. ఎక్కడికీ పోలేడు. ఈ ఏడున్నరేళ్లలో అతన్ని ఆ తేదీ ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు కాబట్టి అడగలేదు. తను ఎవరికీ చెప్పలేదు.

“పంతొమ్మిది,” అన్నాడు.

“ఆగస్టు పంతొమ్మిదా?”

“ఆగస్టు. మధ్యాహ్నం. నేను అడవిలో ఉన్నాను.”

“మధ్యాహ్నం అక్కర్లేదు,” అంది తాయ్మి. గొంతు అంత గట్టిగా లేదు. తేదీ రాసింది. సిరా ఆరేదాకా ఊదింది. కాగితం అతని వైపు తిప్పింది. “ఇక్కడ నీ సంతకం. ఆవిడ సంతకం చోట, బతికున్న భర్తగా వేస్తున్నాను అని రాయి. నెమ్మదిగా రాయి. తప్పు పోతే ఇంకో ఫారం లేదు.”

ఆర్వో ఆమె పెన్ను తీసుకున్నాడు. చాలాసేపు పట్టింది. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. తాయ్మి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

అతను పెన్ను కింద పెట్టగానే ఆమె ఆ కాగితం తీసుకుని ఒకసారి సరిచూసి పక్కన పెట్టింది. రెండో సొరుగు దగ్గరికి లాక్కుని తర్వాతి పుస్తకం అంచుకి కత్తి ఆనించింది.

“ఇక్కణ్ణుంచి ఒంటరే,” అంది. “ఇంకా ఆరున్నాయి. కాఫీ పెట్టు.”